కుట్టనాడు, కోనసీమ, కొల్లేరు: నింపాదిగా చూడదలచిన తిరుపతి, చిత్తూరు వాసులకు ఒక పోలిక

మన వైపు ఊరు అంటే చెరువు, చెరువు అంటే కట్ట. వాననీటిని ఎండాకాలం దాకా నిలుపుకోవడానికి పెద్దలు కట్టిన ఆ కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్లు, మరో పక్క ఆయకట్టు కనిపిస్తాయి. తూము ఎత్తితే పొలం తడుస్తుంది. మొరవ పారిందంటే ఊరంతా చూడటానికి బయలుదేరుతుంది. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చి దిగువ పల్లెలను ఖాళీ చేయించినప్పుడు, కట్ట కింద బతకడం ఎలా ఉంటుందో తిరుపతి చుట్టుపక్కల వారికి మరోసారి తెలిసివచ్చింది. దక్షిణాదిలోని కొన్ని నదీ మైదానాల్లో ఇదే కట్ట వేరే పనికి వచ్చింది. అక్కడ నీటిని నిలపడానికి కాక, నీటిని బయటికి నెట్టి సరస్సు అడుగునూ ఏటి లంకనూ పొలం చేసుకోవడానికి కట్టలు పోశారు. అటువంటి చోటును వ్యాన్‌లో రెండు రోజుల్లో ఐదు ఊళ్లు చుట్టినట్టు కాకుండా, ఒకే ఊళ్లో బస చేసి, గట్ల మీద నడిచి, ఊరి జనం ఎక్కే పడవల్లో తిరిగి చూడాలనుకునేవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

మనకు అందుబాటులో ఉన్నవి మూడు: కేరళలోని కుట్టనాడు, గోదావరి పాయల మధ్యనున్న కోనసీమ, కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు. మూడింటినీ ఒకే ప్రయాణంలో చుట్టే ఆలోచన ఉంటే దాన్ని ముందే మానుకోవడం మంచిది. ఇవి కొండల్లా ఒక్క చూపులో ఆకట్టుకునే చోట్లు కావు. మొదటి రోజు అంతా పచ్చగా, చదునుగా, ఒకేలా కనిపిస్తుంది. ఏ నీరు ఏ మట్టంలో ఉంది, ఏ గట్టు దేన్ని ఆపుతోంది అన్నది రెండో రోజుకు గానీ కంటికి ఆనదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. కట్ట చేసిన పనిని కళ్లారా చూడాలంటే కుట్టనాడుకు సాటి లేదు. పెద్దవారు వెంట ఉంటే కోనసీమ మేలు. కొల్లేరు పక్షుల మీదా పర్యావరణం మీదా నిజమైన ఆసక్తి ఉన్నవారికే.

కుట్టనాడు: నీటి కంటే కిందనున్న పొలం

పంపా, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచ్చిల్ నదులు వెంబనాడు సరస్సులో కలిసే పల్లపు నేల కుట్టనాడు. ఇక్కడి వరి పొలాలు చాలావరకు సముద్ర మట్టానికి దిగువన, కొన్నిచోట్ల రెండు మీటర్ల దాకా లోతున ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి రైతులు సరస్సులోనే గట్లు పోసి పొలాలు తీశారు. కొబ్బరి మొద్దులను రెండు వరుసలుగా సరస్సు అడుగున దిగగొట్టి, వెదురు తడికలు కట్టి, నడుమ ఇసుక, కొమ్మలు, సరస్సు అడుగు నుంచి మునిగి తీసిన బంకమట్టి నింపేవారు. గట్టు నిలిచాక లోపలి నీటిని తోడాలి. మొదట్లో చెక్క చక్రాలను కూలీలు రేయింబవళ్లు కాళ్లతో తొక్కి తోడారు. తరువాత ఇంజన్లు, ఆ పైన కరెంటు మోటార్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువు వచ్చినప్పుడు తిరువాన్కూరు సంస్థానం ఈ పనిని ప్రోత్సహించింది. ఆ 1940లలో జోసెఫ్ మురిక్కన్ అనే రైతు తీసిన చిత్తిర, మార్తాండం, రాణి అనే మూడు పెద్ద పొలాలకు రాజకుటుంబం వారి పేర్లే పెట్టారు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కుట్టనాడు సేద్యాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఇదంతా చదివితే తెలిసేదే. అక్కడికి వెళ్లి చూడవలసింది మోటారు కొట్టం. గట్టు మీద చిన్న గది, దానిని ఆనుకుని నిలువుగా నిలబెట్టిన పెద్ద పీపా, పీపా పైభాగం నుంచి కాలువలోకి తెరుచుకునే చెక్క పెట్టె. మోటారు తిరిగినప్పుడు పొలంలోని బురదనీరు పీపాలో పైకెక్కి, పెట్టెలోంచి నురగలు కక్కుతూ కాలువలో పడుతుంది. బోరుబావి నీటిని పైకి లాగి పొలానికి పెట్టుకునే మన రైతు దానిముందు ఒక్క క్షణం ఆగిపోతాడు. మోటారు అదే, కరెంటు అదే, నీరు పోయే దిక్కే తిరగబడింది. ఆ పక్కనే కాలువలో పడవ మీద కూర్చున్నవారు తల వంచి కిందికి చూస్తే వరి మడి కనిపిస్తుంది. కాలువ నీటి మట్టానికీ మడికీ మధ్యనున్న ఆ మనిషెత్తు తేడాయే కుట్టనాడు. గట్టుకు గండి పడితే ఆ పంట అంతా పోయినట్టే. 2018 ఆగస్టు వరదల్లో ఈ ప్రాంతం నుంచి లక్షల మందిని తరలించవలసి వచ్చింది.

ఇక్కడ నింపాది ప్రయాణమంటే హౌస్‌బోటు కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను. హౌస్‌బోట్లు వెడల్పాటి కాలువల్లో, సరస్సులో తిరిగి సాయంత్రానికి ఒక ఒడ్డున కట్టేసుకుంటాయి. ఏసీ గదిలోంచి గట్టు కనిపిస్తుందే తప్ప గట్టు వెనక పొలం కనిపించదు. ఒక రాత్రి అద్దెకు పోసే వేల రూపాయలతో నెడుముడి, కైనకరి, చంబకుళం, కావాలం వంటి ఊళ్లలో హోమ్‌స్టేలో రెండు మూడు రోజులు ఉండవచ్చు. తిరగడానికి కేరళ ప్రభుత్వ జల రవాణా శాఖ పడవలున్నాయి. బడి పిల్లలు, చేపల బుట్టలు, ఆఫీసు ఉద్యోగులు అందరూ అందులోనే, టికెట్టు పదుల రూపాయల్లోనే. అలప్పుళ నుంచి కొట్టాయం వైపు వెళ్లే పడవ దాదాపు రెండున్నర గంటలు సరస్సునూ గట్లనూ దాటుతూ సాగుతుంది. మూడింటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయాణం అదే. కాలువల్లో పనులో గుర్రపుడెక్కో అడ్డం వచ్చినప్పుడు ఈ పడవలు దారి మార్చుకోవడమో సగంలో ఆగడమో జరుగుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రం జెట్టీలో అడిగి ఉంచుకోవాలి.

సముద్రపు ఉప్పునీరు ఎగదన్నకుండా 1970లలో తన్నీర్‌ముక్కం వద్ద సరస్సుకు అడ్డంగా కిలోమీటరుకు పైగా పొడవున ఆనకట్ట కట్టారు. ఎండాకాలపు నెలల్లో దాని తలుపులు మూస్తారు. దానివల్ల వరి నిలిచింది గానీ ఉప్పు, తీపి నీళ్లు కలిసే చోట బతికే చేపలు తగ్గాయి, ఎగువన గుర్రపుడెక్క దట్టమైంది. తలుపులు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్నది రైతులకూ జాలరులకూ మధ్య ఏటా నలిగే విషయం. మీరు బస చేసిన ఇల్లు రైతుదా, చేపలు పట్టేవారిదా అన్నదాన్ని బట్టి ఇదే కథ రెండు రకాలుగా వినబడుతుంది. రెండూ వినండి.

భాష గురించి చిత్తూరు వారు బెంగపడనక్కరలేదు. పలమనేరు, పుత్తూరు, నగరి వైపు వారికి తమిళం ఇంటి భాషతో సమానం, కుట్టనాడులో తమిళంతో పని నడిచిపోతుంది. భోజనమే అసలు చిక్కు. చేపలు తినేవారికి ఇది స్వర్గం. శాకాహారులు మాత్రం లావాటి ఎర్రబియ్యపు అన్నానికీ, కొబ్బరినూనె వాసనకూ సిద్ధపడాలి, ఇంటివారికి ముందే చెప్పి ఉంచాలి. గుడి లేని ప్రయాణం ప్రయాణమే కాదనుకునే మన పెద్దవారికి, పాలపాయసం నైవేద్యానికి పేరుపడ్డ అంబలప్పుళ కృష్ణుడి ఆలయం అలప్పుళకు దగ్గరలోనే ఉంది.

కోనసీమ: ఏటిగట్టు మీద

కోనసీమను కుట్టనాడుతో పోల్చడం కొందరికి రుచించకపోవచ్చు. అది నీటి నుంచి లాక్కున్న నేల కాదు, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. అయితే ఆ ఒండ్రు ఇవాళ్టి కోనసీమ కావడానికి మనిషి చేసిన పని తక్కువేమీ కాదు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. దాని నుంచి కాలువలు, కాలువలకు లాకులు, వాడిన నీరు పోవడానికి మురుగు కాలువలు, వరద పొలాల మీద పడకుండా గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల పొడవునా ఏటిగట్లు వచ్చాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఆ గట్లు పలుచోట్ల తెగాయి. తరువాత వాటిని ఎత్తు చేసి బలపరిచారు. కుట్టనాడులో గట్టు పొలాన్ని చుట్టుకుని ఉంటుంది, కోనసీమలో గట్టు ఏటి వెంట నడుస్తుంది. నడవడానికి రెండోదే సుఖం. ఒక పక్క కొబ్బరితోటలు, వరిచేలు, మరో పక్క ఇసుక, లంకల్లో కూరగాయల సాగు, దూరంగా ఏరు కనిపిస్తూ ఉదయపు నడక ఎంతసేపైనా సాగుతుంది.

చూపుకు ఇంపుగా ఉన్న ఈ పచ్చదనం వెనక ఒక లోపం ఉంది. నీరు తెచ్చే కాలువల మీద పెట్టిన శ్రద్ధ, నీరు తీసే మురుగు కాలువల మీద పెట్టలేదు. సముద్రం దగ్గరి పల్లపు ఊళ్లలో వాన పడితే చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంట వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా వారి ఫిర్యాదుల్లో ఉంది. కాటన్ విగ్రహం లేని ఊరు కనిపించని సీమలో రైతు పంట మానుకోవడం ఎందుకొచ్చిందో అడిగి తెలుసుకుంటే కోనసీమ సినిమా పాటల్లోని ప్రదేశంగా మిగిలిపోదు.

ఇక్కడ బసకు అమలాపురం కంటే ఏటి ఒడ్డు ఊరే నయం. దిండి వైపు రిసార్టులున్నాయి, అక్కడక్కడ తోటల్లో ఇళ్లు అద్దెకు దొరుకుతాయి. నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లి వైపు దిగి, అక్కడి నుంచి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వెళ్లడం ఒక రోజు నిండా సరిపోయే పని. పంటు మీద మోటారు సైకిళ్లు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు కలిసి ఏరు దాటుతారు. అవతలి రేవులో దిగాక ఆటో ఎంతకు వస్తాడో పంటు మీదే తేల్చుకుంటే మంచిది. అంతర్వేదిలో ఏరు సముద్రంలో కలిసే చోటి దాకా వెళ్లి చూడవచ్చు.

తిండి, భాష, ఆసుపత్రి అందుబాటు, చదునైన దారులు, ఈ నాలుగూ కోనసీమకే అనుకూలం. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్లేవారు ఇక్కడికే వెళ్లడం సబబు. కుట్టనాడులో పడవ ఊగుతుండగానే దాటి జెట్టీ ఎక్కాలి, ఇంటి గుమ్మం ముందే లోతైన కాలువ ఉంటుంది, దానికి గోడ ఉండదు.

కొల్లేరు: గట్లు మింగిన సరస్సు

కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు అందులో కలుస్తాయి, ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. ఎండాకాలంలో నీరు తగ్గితే అడుగున వరి వేసే అలవాటు పాతదే. 1970ల నుంచి చేపల చెరువులు వచ్చాయి. మొదట మత్స్యకార సంఘాల పేరుతో, తరువాత డబ్బున్నవారి చేతుల్లో అవి పెరిగి సరస్సును గట్లతో ముక్కలు చేశాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో పెద్ద ఎత్తున చెరువుల గట్లను పేల్చి తొలగించారు. ఆ తరువాత కూడా గట్లు మళ్లీ మళ్లీ లేచాయి. కట్ట వేసినవాడికి లాభం, ఎగువ ఊళ్లకు ముంపు, పక్షులకు కరువు అన్న ఈ లెక్క ఒక్క పూటలో అర్థమైపోతుంది. అందుకే కొల్లేరుకు రెండు రోజులు చాలు.

కైకలూరు పక్కనున్న ఆటపాకలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోవడానికి అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అవి నిండిపోయి, రెట్టల ఘాటు వాసన ఒడ్డుదాకా కొడుతుంది. చెవులు మూసుకోవలసినంత రొద. పక్షులంటే ఇష్టం లేనివారికి అక్కడ పావుగంట కూడా గడవదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి, ఫాల్గుణంలో జరిగే తిరునాళ్లు మరో ఆకర్షణ. సరస్సు లోపల ఉండటానికి తగిన వసతి లేదు కాబట్టి కైకలూరులోనో భీమవరం, ఏలూరులలోనో దిగి వెళ్లిరావాలి. నింపాదిగా ఉండటానికి అదే పెద్ద అడ్డంకి.

ఎప్పుడు, ఎలా

కుట్టనాడులో వర్షాలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల నుంచి నీరు తోడటం మొదలవుతుంది, అక్టోబరు, నవంబరుల్లో విత్తనం పడుతుంది, ఫిబ్రవరి చివరి నుంచి కోతలు. నీరు తోడే దృశ్యం కావాలంటే అక్టోబరు, పచ్చటి పైరు కావాలంటే జనవరి చివర, ఫిబ్రవరి. కోతలయ్యాక మడుల్లో వేల బాతులను మేపుతారు, అదీ చూడదగ్గదే. నవంబరు మధ్య నుంచి జనవరి మూడో వారం దాకా మాత్రం వద్దు. తిరుపతి, చిత్తూరు, కాట్పాడి మీదుగా కొట్టాయం, చంగనాశేరి, చెంగన్నూరు వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ రెండూ ఆ రోజుల్లో అయ్యప్ప స్వాములతో కిక్కిరిసి ఉంటాయి, చెంగన్నూరు నుంచి బస్సులూ అంతే. ఆగస్టులో వల్లంకళి పడవ పందేలకు వెళ్లేవారు అలప్పుళలో గదుల ధరలకు గుండె దిటవు చేసుకోవాలి. రైలు దిగడానికి చంగనాశేరి సౌకర్యం; అక్కడి నుంచి అలప్పుళ వెళ్లే రోడ్డు కుట్టనాడును నడిమధ్యగా కోస్తూ పోతుంది, ఎటు చూసినా పొలాలే.

కోనసీమకు డిసెంబరు నుంచి మార్చి వరకు, అంటే దాళ్వా (రబీ) పైరు ఉన్నన్నాళ్లు మంచి కాలం. ఏప్రిల్ దాటితే కాలువలు కట్టేస్తారు. నీరు లేని కాలువ గట్టున కోనసీమ అందం సగమే మిగులుతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చి లంకలు మునిగే ప్రమాదం ఉంది, పంట్లు ఆపేస్తారు. పులస చేప కోసమే వెళ్లేవారిని నేను ఆపలేను. సంక్రాంతికి బంధువులింటికి వచ్చినవారితో ఊళ్లు నిండిపోతాయి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకునేవారు తప్ప ఇతరులు ఆ వారం తప్పించుకోవడం మంచిది. రాజమండ్రి దాకా శేషాద్రి, తిరుమల ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. ధర్మవరం నుంచి తిరుపతి మీదుగా నరసాపురం వెళ్లే రైలు గుడివాడ, కైకలూరు, భీమవరం దారిన పోతుంది కనుక కొల్లేరుకూ కోనసీమ పడమటి అంచుకూ అదే అనువు.

ఖర్చులో కోనసీమ, కొల్లేరుల మధ్య తేడా పెద్దగా లేదు. కుట్టనాడు రైలు, బస కలిపి కాస్త ఎక్కువే అవుతుంది, హౌస్‌బోటు జోలికి పోకపోతే మరీ భారం కాదు. ప్యాకేజీ వారు మాత్రం మున్నార్, అలప్పుళ, కన్యాకుమారి కలిపి అమ్ముతారు. అలాంటి ఒక ప్యాకేజీలో మా బంధువులు కుట్టనాడును హౌస్‌బోటు కిటికీలోంచి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చూసి, రాత్రంతా జనరేటర్ మోతతో నిద్రలేక తిరిగొచ్చారు.

ఒకే చోట మూడు నాలుగు రోజులు ఉండటం తమకు సరిపడుతుందో లేదో తెలియనివారు ముందు ఇంటి దగ్గరే పరీక్షించుకోవచ్చు. పులికాట్ సరస్సు చాలావరకు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. అది గట్లు పోసి తీసిన నేల కాదు, సహజమైన ఉప్పునీటి కయ్య. అయినా సూళ్లూరుపేటలో దిగి, ఒక రోజు నేలపట్టులో గూళ్లు కట్టే పెలికాన్లను, మరో రోజు శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్క లోతు తక్కువ నీళ్లలో మేసే రాజహంసలను చూస్తూ శని, ఆదివారాలు గడిపి చూడండి. రెండో రోజు మధ్యాహ్నానికి ఫోన్ తీసి తిరుగు బస్సు వేళలు వెతకడం మొదలుపెట్టారంటే కుట్టనాడు టికెట్లు కొనకండి. ఇంకో రోజు ఉంటే బాగుండుననిపిస్తే కొనండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి అరవై రోజుల ముందు తెరుచుకుంటోంది. జనవరి చివర కుట్టనాడు వెళ్లదలచినవారు నవంబరు చివర్లోనే టికెట్లు చూసుకోవాలి. హోమ్‌స్టే వారికి డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇంటి ముందు నుంచి ప్రభుత్వ పడవ ఉందా, పొలం గట్టు మీద నడవనిస్తారా, ఆ వారంలో మోటారు నడుస్తోందా. మూడింటికీ అవునన్న ఇల్లు దొరికితే గదికి ఏసీ లేకపోయినా తీసుకోండి.